శత్రంజి మీద పెద్దరికం

మా సంఘం ఆరాధన జరిగేది ఆబిడ్స్‌లో ఒక సందులో, బేకరీ పైన ఉన్న మేడ హాల్లో. ఆ హాలు గచ్చు మీద, మగవాళ్ళ వైపు ముందు వరుసలో, గోడ పక్కన రెండు గుంటలుంటాయి. అవి నా మోకాళ్ళ గుంటలు. పడుచు వయసు నుంచి ప్రతి ఆదివారం అక్కడే మోకరించి గచ్చుని అరగదీశాను. అనుమానం ఉన్నవాళ్ళు శత్రంజి ఎత్తి చూసుకోవచ్చు.

ఎత్తి చూసినవాడు ఒకడున్నాడు కాబట్టి నిజం చెప్పేస్తాను. మా బావమరిది. పాత బీరువాను ఈడ్చినప్పుడు పడ్డ గుంటలవి. ఆ బీరువాకు ఒక కొస పట్టుకున్నది వాడే. అయినా బీరువా కాళ్ళ మధ్య ఎడమూ నా మోకాళ్ళ మధ్య ఎడమూ ఒకటే ఎందుకయ్యాయో వాడు ఇంతవరకూ చెప్పలేకపోయాడు.

శత్రంజి అంటే నేలంతా పరిచే మందపాటి నూలు జంపఖానా. మా హాల్లో బెంచీలు లేవు. చెప్పులు మెట్ల దగ్గర విడిచి, మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు కింద కూర్చుంటాం. ఒప్పుకోలు ప్రార్థన వేళ అందరం మోకరిస్తాం. అయ్యగారు, అంటే మా పాస్టరు, ప్రార్థన ముగించి ఊరుకుంటారు. అప్పుడు సభలో అందరికంటే పెద్దవాడు గట్టిగా 'ఆమేన్' అని లేస్తాడు. అతను లేచేదాకా ఎవరూ లేవరు. తల నెరిసినవాడి కంటే ముందు నల్లజుట్టు లేవకూడదని, సంఘం మొదలైన రోజుల్లో అప్పటి అయ్యగారు పెట్టిన పద్ధతట. వేరే ఏ సంఘంలోనూ నేను చూడలేదు. మా వాళ్ళు దాన్ని 'పెద్ద ఆమేన్' అంటారు.

నాకంటే పెద్దవాడైన ఆయన ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయాక పెద్ద ఆమేన్ నా వంతుకొచ్చింది. దాని విలువ మీకు అర్థం కావాలంటే నా ఉద్యోగం సంగతి చెప్పాలి. లక్డీకాపూల్‌లో ఒక పెద్ద ప్రభుత్వ కార్యాలయం నా చేతుల మీదుగా నడిచేది. అంటే, అక్కడి ఫైళ్ళు నా చేతుల మీదుగా ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు నడిచేవి. గుమాస్తాని. ఎవరు లోపలికొచ్చినా లేచి నిలబడటంతోనే సర్వీసంతా గడిచింది. అలాంటివాడికి, 'నువ్వు లేచేదాకా ఎవరూ లేవరు' అంటే ఎలా ఉంటుంది? నేను వెంటనే లేచేవాణ్ణి కాదు. అయ్యగారు ముగించాక కాస్త ఆగి, గొంతు సవరించుకుని, 'విధేయత గల హృదయం మాకు దయచేయి తండ్రీ' అని ఒక ముక్క సొంతంగా కలిపి, అప్పుడు ఆమేన్ అనేవాణ్ణి. ఆ ఆగడంలో ఒక కన్ను కొంచెం తెరిచి చూసేవాణ్ణి కూడా. ఎవరైనా ముందు లేస్తున్నారేమోనని. ఎవరూ లేచేవారు కాదు. కన్ను మూసుకుని దేవుణ్ణి స్తుతించేవాణ్ణి.

హాలు చివర, కిటికీ కింద, తెల్ల ప్లాస్టిక్ కుర్చీలు ఒక వరుస ఉండేవి. కింద కూర్చోలేని వాళ్ళ కోసం. దానికి 'బాల్కనీ' అని పేరు పెట్టింది నేనే. ఎవరైనా నడుం పట్టుకుని అటు వెళ్తుంటే, "బాల్కనీ టికెట్ దొరికిందా?" అని అడిగేవాణ్ణి. హాలంతా గొల్లుమనేది. సరే, గొల్లుమన్నది మా బావమరిది ఒక్కడే. మిగిలినవాళ్ళు మర్యాదకు పళ్ళు కనిపించేలా పెదాలు విప్పేవారు.

నాకు మోకాళ్ళ నొప్పులు వచ్చినప్పుడు ముందు ఎవరికీ చెప్పలేదు. నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో ఒక దుకాణంవాడు అమ్మిన తైలం తెచ్చి, తలుపేసుకుని రాసుకున్నాను. "గా నూనె వాసనకు ఇంట్ల బల్లులు పారిపోయినయ్ గనీ, నీ నొప్పి పోలే. దవాఖానకు పోదం నడువ్" అని మా ఆవిడ హిమాయత్‌నగర్‌లో ఎముకల డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. ఆమెది పాత హైదరాబాదు కుటుంబం. మా నాన్న కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చి నాంపల్లిలో ఇల్లు కిరాయికి తీసుకుంటే, పక్కింట్లో ఉండేవారు వాళ్ళు. నా తెలుగు విని ఆమె నవ్వింది, ఆమె తెలుగు విని నేను నవ్వాను. అలా మొదలైన సంసారం.

డాక్టరు ఎక్స్‌రే చూసి, రెండు మోకాళ్ళూ అరిగిపోయాయన్నాడు.

"ప్రార్థనలో అరిగాయి డాక్టర్‌గారూ" అన్నాను.

"వయసుకు అరిగాయి" అన్నాడు ఆయన. "కింద కూర్చోవడం, మోకాళ్ళ మీద వంగడం, రెండూ బంద్. కుర్చీలోనే కూర్చోవాలి."

"జర మల్లొకసారి చెప్పుండ్రి డాక్టర్‌సాబ్" అంది మా ఆవిడ. "ఈయన ఒక చెవుతోని ఇని, ఇంకో చెవుతోని ఇడుస్తడు."

డాక్టరు మళ్ళీ చెప్పాడు. నేను మళ్ళీ విన్నాను. ఆదివారం వెళ్ళి మళ్ళీ మోకరించాను.

దాంతో ఆమె అయ్యగారితో చెప్పేసింది. మా అయ్యగారు కొత్తగా వచ్చిన కుర్రాడు, నా మనవడి ఈడు. గడ్డం ఇంకా సరిగా రాలేదు. ఒక సాయంత్రం నాంపల్లి స్టేషన్ వెనక మా ఇంటికి వచ్చి, చాయ్ తాగి, ప్రార్థన చేసి, మెల్లగా కదిపాడు.

"తాతగారూ, వచ్చే ఆదివారం నుంచి మీరు కుర్చీలో కూర్చోవాలి."

"రాజు ముందు ఎవరైనా కుర్చీలో కూర్చుంటారా అయ్యగారూ?" అన్నాను. ఆ మాట నేను వారమంతా తయారు చేసుకున్నాను.

ఆయన కొంచెం ఆలోచించి, "రాజే కూర్చోమంటే?" అన్నాడు.

బిస్కెట్ తీసుకుని చాయ్‌లో ముంచాను. అది మెత్తబడి కప్పులో పడిపోయేదాకా ఆలోచించి, "ఆ రాజు నాకు చెప్పలేదుగా" అన్నాను.

"డాక్టరు చెప్పాడు. అమ్మమ్మగారు చెప్పారు. నేను చెబుతున్నాను. ఇంకెవరి చేత చెప్పించమంటారు? ప్రతి ఆదివారం విధేయత గల హృదయం ఇమ్మని అడుగుతూనే ఉన్నారు కదా తాతగారూ. వచ్చేసిందేమో, ఒకసారి బయటికి తీసి వాడి చూడండి."

వంటింట్లోంచి మా ఆవిడ నవ్వు వినిపించింది. నాకు ఒళ్ళు మండింది. అప్పుడు నేను లేచి నిలబడి, "ఊపిరున్నంతవరకు నా దేవుడి ముందు మోకాళ్ళూనుతూనే ఉంటాను!" అని గర్జించాను. గోడలు అదిరాయి. అదిరింది నాంపల్లిలోకి వస్తున్న రైలుకు. పైగా నేను లేచి నిలబడలేదు, లేవబోయి మళ్ళీ కూర్చున్నాను. కానీ ఆ మాట మాత్రం అన్నాను. అయ్యగారు వందనాలు చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ ఆదివారం ఆరాధనకు నడిచే వెళ్ళాను. ఆటో దిగిన దగ్గర్నుంచి. ఆబిడ్స్‌లో ఆదివారం దుకాణాలకు షట్టర్లు వేసి ఉంటాయి, వాటి ముందు పేవ్‌మెంటంతా పాత పుస్తకాలు పరుస్తారు. వాటి మధ్యనుంచి సందులోకి తిరిగి మెట్లెక్కాం. సగం మెట్ల దగ్గర మా ఆవిడ ఆగి కమ్మీ పట్టుకుంది.

"నువ్వు పో, నేనొస్త" అంది.

చీర కుచ్చిళ్ళు సర్దుకుంటోంది కాబోలు అనుకున్నాను. ప్రతి ఆదివారం అక్కడే సర్దుకునేది.

హాల్లో బాల్కనీ వరుసలో ఒక కుర్చీ మీద దిండు పెట్టి ఉంది. నా కోసమే. అయ్యగారు దూరం నుంచి నావంకా దిండువంకా చూశాడు. నేను దిండు పక్కనుంచే నడుచుకుంటూ వెళ్ళి, ముందు వరుసలో నా గుంటల మీద, సరే, బీరువా గుంటల మీద, కూర్చున్నాను. నా వెనకే బావమరిది. వాడు రైల్వేలో చేసి రిటైరయ్యాడు, నాకంటే చిన్నవాడే.

పాటలయ్యాయి. ఒప్పుకోలు ప్రార్థన వచ్చింది. మోకరించాను. దిగడం దిగాను, ఎవరూ వంక పెట్టలేనంత నిటారుగా. అయ్యగారు ప్రార్థన చేసి ఊరుకున్నాడు. ఇక నా వంతు. ముందు లేవడానికి కుడి కాలు కదిపాను. కదలలేదు. ఎడమ కాలు కదిపాను. అదీ పట్టేసింది. చేతులు నేల మీద ఆనిస్తే వెనకవాళ్ళందరికీ తెలిసిపోతుంది. ఆమేన్ అని లేవకపోతే ఇంకా అన్యాయం. కాబట్టి నేను ఆమేన్ అనలేదు.

నేను అనలేదు కాబట్టి ఎవరూ లేవలేదు.

మౌనం మొదలైంది. ముందు అందరూ నా మామూలు ఆగడమే అనుకున్నారు. తర్వాత అది మామూలు కాదని తెలిసింది. ఆడవాళ్ళ వైపు ఒకావిడ, పరిశుద్ధాత్మ దిగివచ్చిందనుకుందేమో, సన్నగా ఏడవడం మొదలుపెట్టింది. మగవాళ్ళలో ఎవరో "క్షమించు ప్రభువా" అన్నారు. ఇంకెవరో తన అన్న పేరెత్తి ప్రార్థించాడు. నేను మాత్రం, "ప్రభువా, నా కుడి మోకాలు ఒక్కటి వదిలిపెట్టు, ఎడమది నేను చూసుకుంటాను" అంటున్నాను. నా జీవితంలో అంత చిన్న ప్రార్థన అంత మనసు పెట్టి ఎన్నడూ చేయలేదు.

ఆ మౌనం అరగంట సాగింది. బావమరిది నాలుగైదు నిమిషాలంటాడు. కింద బేకరీలో బ్రెడ్డు వాసన పోయి బిస్కెట్ల వాసన వచ్చింది, అంతమట్టుకు నేను ప్రమాణం చేయగలను.

ఎప్పుడూ ఆ హాల్లో పాటో, ప్రసంగమో, నా గొంతో వినిపిస్తూ ఉంటుంది. అవేవీ లేకపోయేసరికి వేరే చప్పుళ్ళు వినిపించాయి. ఎవరిదో కీలు టక్కుమంది. ఒకాయన పళ్ళ సందునుంచి ఊపిరి వదిలాడు. ఆడవాళ్ళ వైపు నుంచి "అమ్మా..." అని ఒక మూలుగు. అది ప్రార్థనలో మూలుగు కాదు. ఆ గొంతు నాకు తెలుసు. అర్ధ శతాబ్దంగా నాకు చాయ్ ఇస్తున్న గొంతు.

వెనకనుంచి బావమరిది గుసగుసలాడాడు. "బావా, ఆమేన్ అను. నా మోకాలు పోతుంది."

"పోతుంటే వెనక కుర్చీలో కూర్చోలేకపోయావా?" అన్నాను, పెదాలు కదపకుండా.

"నువ్వు కింద కూసుంటే నేను కుర్చీల ఎట్ల కూసుంట? బాల్కనీ అని నవ్వవా?"

"మూలిగింది మీ అక్కేనా?"

"ఔ. అక్కకు నీకంటె ఎక్కువ నొస్తది బావా. మెట్లు గూడ ఎక్కలేకపోతుంది. నువ్వు చూస్తలేవా?"

కుచ్చిళ్ళు. ప్రతి ఆదివారం సగం మెట్ల మీద కుచ్చిళ్ళు.

"మరి ఆమె కుర్చీలో..."

"నువ్వు గాడ ముందట ఇట్ల కూసుంటే అక్క బాల్కనీల కూసుంటదా? అక్క ఒక్కతేనా? గీ ముసలోళ్ళందరు నిన్ను చూసే కింద కూసుంటున్నరు. జర ఆమేన్ అను బావా, నీ కాల్మొక్త."

నేను రెండు కళ్ళూ తెరిచాను. పక్కకు తిరిగి చూశాను. ఆడవాళ్ళ ముందు వరుసలో మా ఆవిడ ఒక చెయ్యి శత్రంజి మీద ఆనించి, బరువంతా దానిమీద వేసి, పళ్ళు బిగబట్టి ఉంది. చెంగు తల మీదనుంచి జారింది, సర్దుకోవడానికి రెండో చెయ్యి లేదు, అది మోకాలిని పట్టుకుని ఉంది. ఆమె కళ్ళు మూసుకునే ఉన్నాయి. నాలాగా ఒక కన్ను తెరిచి ఎవరు లేస్తున్నారో చూసే అలవాటు ఆమెకు లేదు.

అప్పుడు నేను పెద్ద ఆమేన్ అన్నాను. దాని వెనకే, "అందరూ లేవండి. నేను లేవలేను. కాళ్ళు పట్టేశాయి. ఆత్మా లేదు ఏమీ లేదు, ఇందాకటి నుంచీ నేను లేవలేకే ఊరుకున్నాను. అయ్యగారూ, ఒక కుర్చీ ఇప్పించండి" అన్నాను.

ఏడుస్తున్న ఆవిడ ఏడుపు ఆపేసింది. ఎవరికీ ఏం చేయాలో తోచలేదు. అయ్యగారు వేదిక దిగి బాల్కనీ దాకా వెళ్ళి, దిండు ఉన్న కుర్చీ తానే ఎత్తుకుని వచ్చాడు. ఒక చంక కింద ఆయన, ఇంకో చంక కింద బావమరిది పట్టుకోవాలి. కానీ బావమరిది రాలేదు. వాడూ లేవలేకపోతున్నాడు.

"అయ్యగారూ" అన్నాడు కిందనుంచి, "ఆ చేత్తోనే ఇంకోటి."

ఈసారి హాలు నిజంగానే గొల్లుమంది. ఇందులో ఎక్కువా లేదు తక్కువా లేదు. ఆ నవ్వు మధ్యలో ఆడవాళ్ళ వైపు నుంచి మా ఆవిడ గొంతు వినిపించింది. "నాకొకటి పంపుండ్రి అయ్యగారూ. ఇగ సిగ్గేముంది, ఆయినెనే కూసున్నంక!"

వెనకనున్న పిల్లలు బాల్కనీ కుర్చీలు ఒక్కొక్కటే ఎత్తి, తలల మీదుగా చేతులు మార్చుకుంటూ ముందుకు పంపారు. ఎవరెవరు చేతులెత్తారో లెక్కపెట్టాను. సంఘంలో సగం మంది ముసలివాళ్ళకు మోకాళ్ళ నొప్పులున్నాయి. సగం అంటే మరీ ఎక్కువే అనుకోండి. కుర్చీలు చాలలేదు, అది మాత్రం నిజం. మిగిలినవాళ్ళకు కింద బేకరీవాళ్ళు రెండు స్టూళ్ళు ఇచ్చారు.

ఇంటికొచ్చాక మా ఆవిడ కాళ్ళు చాపుకుని మంచం మీద కూర్చుంది. నేను నుమాయిష్ తైలం సీసా తీశాను.

"నాకా?" అంది.

"నీకే. ఎన్నాళ్ళ నుంచి?"

"నీకంటె ముందుగాల్నుంచే."

"డాక్టరు దగ్గర చెప్పలేదేం? నన్ను లాక్కుపోయినప్పుడు?"

"చెప్తే నన్ను గూడ కుర్చీల కూసోమంటడు. గా బాల్కనీల నీ పెండ్లాం కూసుంటే నీ ఇజ్జత్ ఏం కావాలె? నలుగుట్ల ఎవరికి టికెట్ దొరికిందని నవ్వుతవు?"

తైలం చేతిలో పోసుకున్నాను. ఆమె ముక్కు మూసుకుని, "జర మెల్లగ రాయి. శత్రంజి అనుకున్నవా ఏంది, గుంట పడేటట్టు?" అంది.

తర్వాతి ఆదివారం అయ్యగారితో బేరం పెట్టాను. కుర్చీకి ఒప్పుకుంటాను, కానీ కుర్చీ ముందు వరుసలో వేయాలి, సంఘంలో పెద్దవాణ్ణి కదా అని.

"వెనకవాళ్ళకు అడ్డం తాతగారూ. వాళ్ళు కింద కూర్చుంటారు" అన్నాడు ఆయన.

"అయితే చివరి వరుసేనా?"

"బాల్కనీ" అన్నాడు. ఆ మాట ఆయన నోట అదే మొదటిసారి.

ఏం చేస్తాను? దిండు చంకన పెట్టుకుని వెనక్కి నడిచాను. మొదట్లో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మోకరించినప్పుడు ఒంటికి ఒక పని ఉండేది, ఎంత భక్తిగా ఉన్నానో నాకే తెలిసేది. కుర్చీలో ఒళ్ళు ఖాళీగా ఉంటుంది. తల ఒక్కటే మిగిలింది వంచడానికి. వెనక వరుసలో ఎవరూ చూడరు, చూసేందుకు నా వెనక కిటికీ తప్ప ఏమీ లేదు. ఎంత వంచినా లెక్క పెట్టేవాళ్ళు లేరు కాబట్టి, మెడ పట్టేయనంతవరకు వంచుతున్నాను. రెండు కళ్ళూ మూసుకునే. ఎప్పుడైనా ఒకటి తెరుచుకుంటుంది, అది అలవాటు.

ఆ రోజు మౌనంలో తన అన్న పేరెత్తి ప్రార్థించినాయన, మర్నాడే చాదర్‌ఘాట్ వెళ్ళి అన్నతో మాట్లాడాడట. మాటల్లేని అన్నదమ్ములు వాళ్ళు. నా మోకాలు పట్టేసిందని నేను ఎన్నిసార్లు చెప్పినా ఆయన వినడు. "అది ఆత్మ పనే అన్నా" అంటాడు. కాదని ఎవరు వాదిస్తారు? నేనైతే మానేశాను.

పెద్ద ఆమేన్ ఇప్పటికీ నాదే. కుర్చీలో ఉన్నా అనవచ్చని అయ్యగారు తీర్మానం చేశాడు. మొన్న ఆదివారం ఆయన ప్రార్థన ఇంకా పూర్తిగా ముగియకముందే నేను ఆమేన్ అనేశాను. సొంత ముక్క కూడా కలపలేదు. అందరూ తటాలున లేచారు. అయ్యగారు నోరు సగం తెరిచి ఉండిపోయాడు.

నడవకు అవతలి కుర్చీలోంచి మా ఆవిడ నావైపు వంగింది. "ఏందయ్యా గంత తొందర? అయ్యగారి ప్రార్థన ఇంక అయిపోనేలే."

"కింద మోకాళ్ళ మీద ఉన్నవాళ్ళు చాలామంది ఉన్నారు" అన్నాను.

ఆమె ముక్కు ఎగబీల్చింది. "అబద్ధం. కింద బిస్కెట్లు దించిన వాసన వచ్చింది, గందుకే అన్నవ్" అంది.

ఔను, వాసన కూడా వచ్చింది.